పిడికెడు పిండి, ముప్పై దిర్హములు
(అల్-జాహిజ్ 'కితాబుల్ బుఖలా'పై ఒక పరిశీలన)

బస్రా వాసి అబూ ఉస్మాన్ అమ్ర్ ఇబ్న్ బహ్ర్ అల్-జాహిజ్ (మరణం హిజ్రీ 255, అనగా క్రీ.శ. 868-69) రచించిన 'కితాబుల్ బుఖలా', అంటే పిసినారుల గ్రంథం, అరబీ వచనంలో మొదటి వరుసకు చెందిన రచన. వాన్ ఫ్లోటెన్ దీనిని 1900లో లైడెన్ నగరంలో అచ్చువేయించాడు. తాహా అల్-హాజిరీ పరిష్కరించిన ప్రతి 1948లో కైరోలో వెలువడింది. షార్ల్ పెల్లా 1951లో ఫ్రెంచిలోకి, సర్జెంట్ 1997లో ఇంగ్లీషులోకి అనువదించారు. ఇంత ప్రచారం పొందిన ఈ గ్రంథాన్ని సాధారణంగా రెండు విధాలుగా చదువుతున్నారు. కొందరికి ఇది కాలక్షేపానికి పనికివచ్చే హాస్యకథల సంపుటి. మరికొందరికి ఇది ఖురాసాన్ వాసుల లోభత్వాన్ని ఎత్తిచూపి అరబ్బుల ఔదార్యాన్ని సమర్థించే వాదగ్రంథం. ఈ రెండు అభిప్రాయాలలోనూ నిజం లేకపోలేదు.

అయితే ఈ గ్రంథాన్ని మరొక విధంగా కూడా చదవవచ్చు. మనిషి చేతిలో ధనం ఎంత ఉన్నదనేది ఒక ప్రశ్న. ఉన్నదానిలో దేనికి ముందు పీట వేస్తాడు, దేనిని వెనక్కు నెడతాడు అనేది వేరొక ప్రశ్న. లోకం మొదటి ప్రశ్ననే అడుగుతుంది. ఎక్కువ ఖర్చు పెట్టినవాణ్ణి ఉదారుడని, తక్కువ ఖర్చు పెట్టినవాణ్ణి పిసినారి అని పిలుస్తుంది. జాహిజ్ గ్రంథం జాగ్రత్తగా చదివినవారికి రెండవ ప్రశ్న ఎదురవుతుంది. ఈ పుస్తకంలో పేదలున్నారు, ఓ మోస్తరు కలిగినవారున్నారు, రాజాస్థానపు విద్వాంసులున్నారు. అందరినీ రచయిత ఒకే పేరు కింద చేర్చాడు. అందరూ ఒకే తప్పు చేశారా అన్నది పాఠకుడే తేల్చుకోవలసి ఉన్నది.

జాహిజ్ స్వయంగా పేదరికం ఎరిగినవాడు. చిన్నతనంలో బస్రాలో రొట్టెలు, చేపలు అమ్మి బతికాడని చరిత్రకారులు చెబుతారు. తరువాత బాగ్దాద్‌లో గొప్పవారి ఆదరణ పొందాడు. లేమినీ కలిమినీ రెండింటినీ లోపలినుంచి చూసినవాని చూపు ఈ గ్రంథంలో కనబడుతుంది. ఈ గ్రంథం చదివితే వింతైన వాదన, సూక్ష్మమైన ఉపాయం, మంచి హాస్యం అనే మూడు లాభాలు కలుగుతాయని అతడు పీఠికలో సూచించాడు. ఇందులో హాస్యాన్ని అందరూ గ్రహించారు. వాదనలు ఎవరి నోట వస్తున్నాయో, ఎంత పొడుగున వస్తున్నాయో గమనించినవారు తక్కువ. ఆ దృష్టితో నాలుగు ఇళ్ళను మాత్రం ఇక్కడ పరిశీలిద్దాము.

1. మర్‌యం ఇల్లు

బస్రా మస్జిదులో కొందరు చేరి పొదుపు మార్గాలను గురించి ముచ్చటించుకునేవారు. ఆ అభిప్రాయమే వారి మధ్య చుట్టరికంగా మారిందని జాహిజ్ అంటాడు. ఒకనాడు వారిలో ఒక పెద్దాయన, మర్‌యం అస్సన్నాఅ అనే స్త్రీ మరణించిందని చెప్పి ఆమె కథ వినిపిస్తాడు. ఆమె తన పన్నెండేళ్ళ కుమార్తెకు, ఆ కాలపు ఆచారం ప్రకారం, వివాహం జరిపించింది. పిల్లకు వెండి బంగారాలు పెట్టింది, పట్టువస్త్రాలు కట్టించింది, సుగంధ ద్రవ్యాలు నూరించింది. అల్లుని దృష్టిలో, అత్తింటివారి దృష్టిలో పిల్ల గౌరవం పెంచింది. భర్త ఆశ్చర్యపోయాడు. ఆమెకు పుట్టింటి ఆస్తి లేదు, ఆమె భర్త సొమ్ము కాజేసే మనిషి కాదు. మరి ఇదంతా ఎక్కడిదని అడిగాడు. పిల్ల పుట్టిన రోజు మొదలు పెళ్ళి రోజు వరకు, రొట్టెకు పిండి కలిపే ప్రతిసారీ ఒక పిడికెడు తీసి పక్కన పెట్టానని, ఒక మక్కూక్ కొలత నిండగానే అమ్మేదాననని ఆమె జవాబిచ్చింది. రోజుకు ఒక పిడికెడు చొప్పున పన్నెండేళ్ళంటే నాలుగు వేల పిడికిళ్ళ పైమాటే. భర్త ఆమెను మనసారా మెచ్చుకున్నాడు. కథ విన్న మస్జిదువారంతా లేచి ఆమె జనాజాకు వెళ్ళి నమాజు చేశారు, భర్తను ఓదార్చారు.

ఈ కథలో పిసినారితనం ఎక్కడున్నది? మర్‌యం ఎవరి హక్కూ కాజేయలేదు. ఆ పిండి తగ్గినందువల్ల ఇంట్లో ఎవరూ పస్తున్నట్లు కథలో లేదు. ఆమె చేసినదల్లా ఉన్న కొద్దిలో ఒకదానికి ప్రథమస్థానం ఇవ్వడమే. పేద ఇంట్లో ఇది సులభంగా జరిగే పని కాదు. కలిగిన ఇంట్లో ఒక పిడికెడు తీసినా తెలియదు. లేని ఇంట్లో ప్రతి పిడికిలికీ రొట్టె అంతమేర తగ్గుతుంది. కనుక పేదవాని ప్రాధాన్యం దాచినా దాగదు. దానిని రోజూ కడుపే లెక్క కడుతుంది.

అయినప్పటికీ విమర్శకునికి ఇక్కడ ఒక ప్రశ్న మిగులుతుంది. పన్నెండేళ్ళ కష్టం చివరకు ఎక్కడికి చేరింది? అత్తింటివారి కళ్ళలో పిల్ల విలువ పెంచడానికి చేరింది. అంటే ఆ ప్రాధాన్యం పూర్తిగా మర్‌యంది కాదు. వెండి బంగారాలు లేని పిల్లను తక్కువగా చూసే కళ్ళు లోకంలో ఉన్నందువల్ల ఏర్పడిన ప్రాధాన్యం అది. ఇంటి పిండి డబ్బాలో చేయి ఆమెదే, ఆ చేతిని నడిపించింది మాత్రం ఇతరుల చూపు. మస్జిదులో కూర్చున్న ఆ పెద్దలు మర్‌యం నేర్పును పొగిడారేగాని, ఆ చూపు న్యాయమైనదేనా అని ఒక్కరైనా అడగలేదు. ఈ మౌనం గమనించదగినది.

2. ముఆజా ఇల్లు

అదే సమావేశంలో ముఆజా అల్-అంబరియ్యా అనే వితంతువు కథ వస్తుంది. పినతండ్రి కొడుకు ఒకడు ఆమెకు ఖుర్బానీ గొర్రెను కానుకగా ఇచ్చాడు. ఆమె తల వంచుకుని దిగులుగా కూర్చున్నది. కారణం అడిగితే, తాను భర్త లేనిదాన్నని, ఇటువంటివి చక్కబెట్టేవారు పోయారని, ఈ గొర్రెలో ఏ కొంచెమైనా వృథా అవుతుందేమోనని భయపడుతున్నానని చెప్పింది. అల్లాహ్ దేనినీ ప్రయోజనం లేకుండా సృష్టించలేదని, కొంచెం వృథా చేయడం అలవాటైతే ఎక్కువ వృథా చేయడానికి దారితీస్తుందని ఆమె నమ్మకం. తరువాత లెక్క చెప్పింది. కొమ్ము వస్తువులు తగిలించుకునే కొక్కెం అవుతుంది. పేగులు దూది ఏకే వింటికి నారి అవుతాయి. ఎముకలు ఉడికిస్తే పైకి తేలే కొవ్వు దీపానికి పనికివస్తుంది, ఆ పైన ఎముకలు పొయ్యిలోకి పోతాయి. తోలు సంచి అవుతుంది. ఉన్నికి ఉపయోగాలు చెప్పనవసరం లేదు. పెంటికలు ఎండితే వంటచెరకు. ఇక మిగిలింది రక్తం. దాని ఉపయోగం తోచక ఆమె బాధపడి, చివరకు కొత్త షామ్ కుండలకు వేడి రక్తం పూస్తే గట్టిపడతాయని గుర్తుకు తెచ్చుకుని ఊరట చెందింది. ఆరు నెలల తరువాత కథకుడు ఆమెను కలిసి ఎండుమాంసం ఎలా ఉన్నదని అడిగాడు. దాని వంతు ఇంకా రాలేదని, ప్రస్తుతం కొవ్వుతో, ఎముకల పక్క మాంసంతో గడుస్తున్నదని ఆమె జవాబిచ్చింది.

ఈ మాట వినగానే మస్జిదులోని ఒక ముసలాయన గుప్పెడు గులకరాళ్ళు తీసి నేలకేసి కొట్టాడు. సజ్జనుల వృత్తాంతాలు వింటేగాని తాము దుబారా మనుషులమన్న సంగతి తెలిసిరాదని వాపోయాడు. జాహిజ్ వ్యంగ్యమంతా ఈ మాటలోనే ఉన్నది. 'ఇస్రాఫ్', 'సాలిహీన్' అనే దైవగ్రంథపు పదాలను వీరు తమ పిసినారి శాస్త్రానికి పరిభాషగా చేసుకున్నారు. ధర్మానికి చెందిన మాట అధర్మానికి కవచం కావడం ఈ గ్రంథంలో ఇక్కడ మొదలై, ధనం పెరిగిన కొద్దీ పెరుగుతూ పోతుంది.

ముఆజాను చూసి మనం నవ్వవచ్చునా? ఆమె గొర్రె లెక్కలో ఇరుగుపొరుగు వాటా ఎక్కడా కనిపించదన్నది నిజమే. ఖుర్బానీ మాంసాన్ని తాము తింటూ, అడిగినవానికీ అడగనివానికీ కూడా తినిపించమని దివ్యఖుర్ఆన్ ఆదేశం (22:36). కాని దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వ సల్లం) ఈ విషయంలో చూపిన వివేకాన్ని గుర్తుచేసుకోవాలి. ఒక సంవత్సరం ఎడారినుండి ఆకలిగొన్న జనం మదీనాకు రాగా, ఖుర్బానీ మాంసాన్ని మూడు రోజులకు మించి నిల్వ ఉంచరాదని ఆయన ఆజ్ఞాపించారు. ఆ అవసరం తీరిన తరువాత నిల్వ ఉంచుకోవచ్చునని అనుమతించారు. మాంసం అదే, ఉప్పూ ఎండా అవే. కాని పక్కవాడు ఆకలితో ఉన్న ఏడాది ఆ నిల్వ తప్పయింది, లేని ఏడాది తప్పు కాలేదు. ముఆజా సంపాదించేవారు లేని విధవ. ఆమె ఆరు నెలల నిల్వ ఆరు నెలల భద్రత. ఆమె పొదుపులో లోభం కంటె కృతజ్ఞత పాలే ఎక్కువగా కనిపిస్తుంది. దైవానుగ్రహాన్ని ఒక చుక్కైనా నేలపాలు చేయరాదన్న తపన అది.

3. కిందీ ఇల్లు

పై ఇద్దరూ లేనివారు. ఇక కలిగినవాని ఇంటికి వెళదాము. జాహిజ్ చిత్రించిన కిందీ, అద్దెఇళ్ళ యజమాని. ఇతడు ప్రసిద్ధ తత్త్వవేత్త అల్-కిందీయేనా కాదా అన్న చర్చ పండితులలో ఉన్నది. మనకు ఆ చర్చ అవసరం లేదు. ఇతడు తన ఇళ్ళలో కాపురమున్నవారికి పెట్టిన షరతులు చూడండి. వారి పశువుల పేడ, పెంటికలు, తినగా మిగిలిన మేత ఇతనికే చెందాలి. ఎముకలు, ఇల్లు ఊడ్చిన చెత్త బయట పారవేయరాదు. ఖర్జూరపు గింజలు, దానిమ్మ తొక్కలు ఇతనికే ఇవ్వాలి. పైగా తన ఇంట్లో గర్భవతి ఉన్నదని చెప్పి, వారు వండే ప్రతి కుండలోనుండి ఒక గరిటె పంపమంటాడు.

ముఆజా లెక్కనూ కిందీ లెక్కనూ పక్కపక్కన పెట్టి చూడాలి. అవే ఎముకలు, అవే పెంటికలు. దేనినీ వృథా కానివ్వరాదన్న సూత్రమూ అదే. తేడా ఒక్కటే. ఆమె తన గొర్రెనుండి ఏరుకున్నది, ఇతడు పరుల పొయ్యినుండి ఏరుకుంటున్నాడు. ఆమెకు అది బతుకుతెరువు, ఇతనికి అది రాబడిమీద రాబడి. పైకి ఒకటిగా కనిపించే రెండు పనులు, చేసేవాని స్థితిని బట్టి రెండు వేర్వేరు పనులైపోయాయి. జాహిజ్ ఈ పోలికను ఎక్కడా నోరు విప్పి చెప్పలేదు. కాని రెండు జాబితాలనూ ఒకే పుస్తకంలో పెట్టి ఊరుకోవడంలోనే అతని ప్రతిభ ఉన్నది.

అతిథుల వృత్తాంతం మరింత విలువైనది. ఒక అద్దెదారు ఇంటికి పినతండ్రి కొడుకు తన కుమారునితో వచ్చాడు. వెంటనే కిందీ వద్దనుండి చీటీ వచ్చింది. ఒకటి రెండు రాత్రులైతే సహిస్తానని రాశాడు. నెల రోజులుంటారని అద్దెదారు బదులు రాశాడు. అద్దె ముప్పై దిర్హములు, మీరు ఆరుగురు, తలకు ఐదు; ఇద్దరు పెరిగారు కనుక నేటినుండి అద్దె నలభై అని కిందీ తీర్పు చెప్పాడు. ఆ అతిథుల భారం మోసేది తాను గదా, నీకేమి నష్టమని అద్దెదారు అడగగా కిందీ సుదీర్ఘమైన లేఖ రాశాడు. మనుషులు పెరిగితే నడక పెరుగుతుంది, నేల అరుగుతుంది, తలుపులు ఊడతాయి, గడియలు విరుగుతాయి, గుంటలు నిండుతాయి అంటూ అద్దెదారులవల్ల ఇళ్ళకు కలిగే నష్టాలన్నీ ఏకరువు పెట్టాడు. లెక్కలో తప్పు లేదు. నిజంగానే నేల అరుగుతుంది. కాని అతిథిని ఆదరించడమనే ఇబ్రాహీము (అలైహిస్సలాం) సంప్రదాయం ఆ లెక్కలో ఏ పద్దులోనూ లేదు.

4. సహ్ల్ ఇల్లు

సహ్ల్ ఇబ్న్ హారూన్ ఖలీఫా మామూన్ కాలంలో బైతుల్ హిక్మా గ్రంథాలయాన్ని నిర్వహించిన విద్వాంసుడు. తన లోభత్వాన్ని నిందించిన బంధువులకు అతడు రాసినట్లున్న లేఖతో ఈ గ్రంథం ఆరంభమవుతుంది. ఆ లేఖ నిజంగా అతనిదేనా, జాహిజే అతని పేరిట కల్పించాడా అన్నది వివాదాస్పదం. లేఖలోని వాదన మాత్రం అద్భుతమైనది. ప్రతి నిందకూ ప్రమాణముంది. పిండి బాగా మర్దించమంటే రొట్టె ఎక్కువ దిగుతుందట. పండ్ల బుట్టకు ముద్ర వేసింది ఆశపోతు నౌకర్లనుండి కాపాడడానికట. చెప్పులకు కుట్లు, బట్టలకు అతుకులు ఎందుకంటే, దైవప్రవక్త (సఅసం) స్వయంగా చెప్పులు కుట్టుకునేవారు, వస్త్రానికి అతుకు వేసుకునేవారు గదా అంటాడు.

ఇది చదివిన పాఠకుడు ఒక క్షణం నిరుత్తరుడవుతాడు. ప్రవక్త (సఅసం) చెప్పులు కుట్టుకున్న మాట సత్యమే. కాని ఆ అతుకు వెనుక ఏమున్నది? వచ్చినది వచ్చినట్లు పంచిపెట్టి, ఇంట్లో ఏమీ మిగుల్చుకోని జీవితం ఉన్నది. సహ్ల్ ఆ జీవితంనుండి అతుకును మాత్రం కత్తిరించి తెచ్చుకున్నాడు, దానాన్ని అక్కడే వదిలివేశాడు. ఒకరి అతుకు ఇతరులకు ఇచ్చినందువల్ల పడినది, ఇంకొకరి అతుకు ఇవ్వకుండా ఉండేందుకు వేసినది. సున్నతును అనుకరించడానికీ సున్నతును అడ్డుపెట్టుకోవడానికీ గల దూరం ఇంతే, ఇంత పెద్దది.

అన్నిటికంటె ముఖ్యమైన మాట లేఖలో మరొకటున్నది. విద్యకంటె ధనానికే ముందుస్థానం ఇస్తున్నానని, పండితుని ఆదుకునేది కూడా ధనమే కనుక అదే మూలం, విద్య కొమ్మ అని సహ్ల్ వాదిస్తాడు. ఈ మాట ఏ వర్తకుడో అంటే ఆశ్చర్యం లేదు. అన్నవాడు ఆ యుగంలోనే ప్రఖ్యాతమైన గ్రంథాలయపు అధిపతి. మిగిలిన వాదనలన్నీ తొక్కలు, గింజ ఇది. తన ప్రాధాన్యం ఏదో అతడు ఇక్కడ ఒప్పుకున్నాడు.

ఇప్పుడు నాలుగు ఇళ్ళనూ కలిపి చూస్తే ఒక వింత క్రమం కనిపిస్తుంది. మర్‌యం తన సంగతి రెండు మాటల్లో చెప్పింది. ముఆజా ఒక గొర్రె లెక్కతో ముగించింది. కిందీకి ఇంటి నేల అరుగుదల గురించి సుదీర్ఘ లేఖ కావలసివచ్చింది. సహ్ల్‌కు పూర్వీకుల మాటలు, ప్రవక్త ఆచరణ అన్నీ కావలసివచ్చాయి. సొమ్ము పెరిగిన కొద్దీ సమర్థన పెరిగింది. ఎందుకు? లేనివాడు ఒకటి ఎంచుకుంటే మరొకటి పోతుంది, అందరికీ కనబడుతుంది, అతడు వాదించవలసిన పని లేదు. కలిగినవానికి రెండింటికీ సరిపడా ఉన్నది. ఉన్నా ఇవ్వకపోవడానికి కారణం కావాలి. ఆ కారణాన్ని మొదట లోకానికి చెబుతాడు, తరువాత తనకే చెప్పుకుంటాడు, చివరకు నమ్ముతాడు. ఇదే ఈ గ్రంథంలోని అసలు పాఠమని మా అభిప్రాయం.

5. కొలమానం

జాహిజ్ కొలమానం ఇవ్వలేదు. అది అతని లోపమని కొందరంటారు. నవ్వించేవాడు తీర్పరి కానవసరం లేదు. కొలమానం కోసం మనం దివ్యఖుర్ఆన్ వద్దకు, సున్నతు వద్దకు పోవాలి.

చేతిని మెడకు కట్టివేసుకోరాదు, పూర్తిగా చాచివేయనూ రాదన్నది ఖుర్ఆన్ బోధ (17:29). కరుణామయుని దాసులు ఖర్చులో దుబారాకూ పిసినారితనానికీ మధ్య నిలబడతారు (25:67). కలిగినవాడు కలిమికి తగినట్లు, ఇరుకున ఉన్నవాడు అల్లాహ్ ఇచ్చినదానిలోనుండి ఖర్చు చేయాలి (65:7). ఈ మూడవ ఆయతు మొదటి రెండింటికి వివరణ వంటిది. మధ్యమార్గం అందరికీ ఒకే చోట ఉండే మైలురాయి కాదు. ఎవరి స్థితిని బట్టి వారి మధ్యమార్గం ఏర్పడుతుంది.

హదీసులు దీనినే మరింత స్పష్టం చేస్తాయి. ఒక్క దిర్హము లక్ష దిర్హములను మించిపోయిందని ప్రవక్త (సఅసం) అన్నట్లు నసాయీ సంకలనంలో ఉన్నది. అది ఎట్లా అని సహచరులు అడగగా, రెండే దిర్హములున్నవాడు ఒకటి ఇచ్చాడని, రెండవవాడు తన రాశిలో ఒక పక్కనుండి లక్ష తీసి ఇచ్చాడని వివరించారు. తబూక్ సందర్భంలో హజ్రత్ ఉమర్ (రజి) ఆస్తిలో సగం తెచ్చారు, హజ్రత్ అబూబక్ర్ (రజి) ఉన్నదంతా తెచ్చారు. రెండూ స్వీకరించబడ్డాయి. అదే ప్రవక్త (సఅసం), పశ్చాత్తాపం అంగీకరించబడిన సంతోషంలో ఆస్తినంతా దానం చేస్తానన్న కఅబ్ ఇబ్న్ మాలిక్ (రజి)ను కొంత ఉంచుకోమన్నారు. జబ్బుపడి మూడింట రెండు వంతులు ఇచ్చివేస్తానన్న సఅద్ ఇబ్న్ అబీ వఖ్ఖాస్ (రజి)ను మూడింట ఒక వంతు వద్ద ఆపి, అది కూడా ఎక్కువేనన్నారు. వారసులను యాచకులుగా వదలడంకంటె కలిగినవారుగా వదలడం మేలని బోధించారు. ప్రశ్న ఒకటే. అడిగినవాని స్థితి, అతని వెనుక ఉన్నవారి అవసరం చూసి సమాధానం మారింది.

ఇమామ్ గజాలీ (మరణం హిజ్రీ 505, క్రీ.శ. 1111) 'ఇహ్యా ఉలూమిద్దీన్' గ్రంథంలో లోభాన్నీ ధనప్రేమనూ గురించిన ఇరవై ఏడవ అధ్యాయంలో ఈ విషయాన్ని శాస్త్రబద్ధం చేశారు. షరీఅతు విధించినది ఇవ్వనివాడు లోభియే. కాని అది ఇచ్చినంతమాత్రాన అందరూ లోభంనుండి బయటపడినట్లు కాదు. మురువ్వతు, అనగా పెద్దమనిషి తరహా, కోరేది మరొకటున్నది. అది మనిషిని బట్టి, సందర్భాన్ని బట్టి మారుతుందని ఆయన అంటారు. పేదవానిలో తప్పుగా కనిపించని బిగింపు ధనికునిలో అసహ్యంగా కనిపిస్తుంది. పరాయివానితో చేస్తే తప్పుకానిది బంధువుతో, పొరుగువానితో, అతిథితో చేస్తే తప్పవుతుంది. ఈ ఒక్క సూత్రంతో జాహిజ్ పుస్తకంలోని నాలుగు ఇళ్ళకూ నాలుగు వేర్వేరు తీర్పులు చెప్పవచ్చు. మర్‌యం, ముఆజా లోభుల జాబితానుండి బయటకు వస్తారు. కిందీ, సహ్ల్ లోపలే ఉంటారు.

ఫిఖ్‌హ్ కూడా అవసరాల క్రమాన్ని గుర్తించింది. హనఫీ మతం ప్రకారం నివసించే ఇల్లు, కట్టుకునే బట్టలు, పనివాని పనిముట్లు, విద్వాంసుని పుస్తకాలు మూలావసరాలు. వాటిమీద జకాతు లేదు. నిసాబు ఇరవై దీనారుల బంగారం లేక రెండు వందల దిర్హముల వెండి. మన దేశపు లెక్కలో ఏడున్నర తులాలు, యాభై రెండున్నర తులాలు. దానిపై నలభయ్యవ వంతు ఇవ్వాలి. ఇమామ్ షాతిబీ (మరణం హిజ్రీ 790, క్రీ.శ. 1388) షరీఅతు సంరక్షించే ప్రయోజనాలను జరూరియాత్, హాజియాత్, తహ్సీనియాత్ అని మూడు అంతస్తులుగా వివరించారు. అవి లేనిదే బతుకు నిలవనివి, అవి లేకుంటే బతుకు కష్టమయ్యేవి, ఉంటే బతుకు అందగించేవి. జకాతు నలభయ్యవ వంతును నిర్ణయిస్తుంది. మిగిలిన ముప్పై తొమ్మిది వంతులలో దేనికి ముందు, దేనికి వెనుక అన్నది మన చేతికి వదిలివేయబడింది. పరీక్ష అక్కడే ఉన్నది.

6. మన ఇళ్ళు

ఈ వెలుగులో మన తెలుగునాట ముస్లిముల ఖర్చులు పరిశీలించుకుంటే మర్‌యం కథ పాతబడలేదని తెలుస్తుంది. ఇప్పటికీ కూలి చేసుకునే తల్లి పిల్ల పుట్టిననాటినుండి చీటీ కడుతుంది. ఆ సొమ్ము పిల్ల చదువుకు పోతున్నదా? చాలా ఇళ్ళలో అది జహేజు సామానుకు, 'జోడే కీ రఖం' పేరిట పెళ్ళికొడుక్కిచ్చే నగదుకు పోతున్నది. షరీఅతులో మహర్ ఇవ్వవలసినవాడు వరుడు. 1961 నాటి చట్టం కట్నాన్ని నిషేధించింది. అయినా పేద తల్లి పిడికిలిని నడిపిస్తున్నది అత్తింటివారి చూపే. ఆమెను దుబారా మనిషి అని నిందించడం తేలిక. ఆ చూపును సృష్టించినవారు ఎవరు? కలిగినవారు తమ పిల్లల పెళ్ళిళ్ళలో ఫంక్షన్ హాళ్ళ వెలుగులతో, పది రకాల వంటలతో ఏర్పరచిన కొలతే కింది ఇళ్ళకు శాసనమవుతున్నది. ధనికుని తహ్సీనియాత్ పేదవాని మెడకు జరూరియాత్ అయి చుట్టుకుంటున్నది. కనుక ధనికుని ఖర్చు అతని సొంత విషయమనే మాట సగం మాత్రమే నిజం. అతని ప్రాధాన్యం అతని గడపతో ఆగడం లేదు.

అదే పిడికెడు మరో దారిన కూడా పోగలదు. బీహారు, బెంగాలు ప్రాంతాల ముస్లిం ఇళ్ళలో వంటకు ముందు పిడికెడు బియ్యం తీసి మదరసా కోసం వేరుగా ఉంచే ఆచారం చాలకాలంగా ఉన్నది. మర్‌యం చేతికీ ఆ తల్లుల చేతికీ నేర్పులో తేడా లేదు. లేమిలో తేడా లేదు. పిడికిలి తెరుచుకునే చోట మాత్రమే తేడా ఉన్నది.

ఇక కలిగినవారి సంగతి. గల్ఫ్ దేశాల్లో కొడుకులు చెమటోడ్చి పంపిన సొమ్ముతో నిలబడిన ఇళ్ళు మన ఊళ్ళలో ఎన్నో ఉన్నాయి. మేడ కట్టడం తప్పు కాదు. మేడపై మరో అంతస్తు లేచే సంవత్సరమే పక్క సందులో ఫీజు కట్టలేక ఒక పిల్లవాడు బడి మానివేస్తే, ఆ ఇంటి లెక్కలో ఏది ముందున్నదో ఇటుకలే చెబుతాయి. అప్పుడు మనం కిందీ లాగా లెక్కలు చూపిస్తాము, సహ్ల్ లాగా ప్రమాణాలు చూపిస్తాము. జకాతు ఇచ్చివేశామంటాము. పేదలు సొమ్ము పాడుచేసుకుంటారంటాము. ఇస్రాఫ్ గురించి ఖుత్బా వింటూ పక్కవాని పెళ్ళివిందును తలచుకుంటాము. సమర్థన పొడుగవుతున్నదంటే జాగ్రత్తపడవలసిన సమయం వచ్చినదని గ్రహించాలి. నిజమైన పొదుపు రెండు మాటల్లో తేలిపోతుంది.

పేద పాఠకునికి కూడా ఒక మాట చెప్పవలసి ఉన్నది. ధనం వస్తే అప్పుడు ఇస్తానని అనుకోవడం ఆత్మవంచన కావచ్చు. ధనం కొత్త ప్రాధాన్యాన్ని తీసుకురాదు, ఉన్న ప్రాధాన్యాన్నే పెద్దది చేస్తుంది. రెండు దిర్హములలో ఒకటి ఇచ్చినవాడు లక్ష వచ్చినా ఇస్తాడు. రెండిటినీ గట్టిగా పట్టుకున్నవాడు లక్షనూ అలాగే పట్టుకుంటాడు, వాదన మాత్రం నేర్చుకుంటాడు.

'కితాబుల్ బుఖలా'ను హాస్యగ్రంథంగా చదివి మూసివేసినవారు అందులో సగమే చదివినట్లు. పదకొండు వందల ఏళ్ళకు పైబడిన ఈ పుస్తకం ఇప్పటికీ మన ఇంటి లెక్కల పుస్తకం పక్కన పెట్టుకోదగినది. మర్‌యంను చూసి నవ్వేముందు ఆమె పిడికిలిని అటు తిప్పినవారిలో మనమున్నామేమో చూసుకోవాలి. సహ్ల్‌ను చూసి నవ్వేముందు ఈ ఏడు మనం కాదన్న ఒక్క సాయానికి మనం చెప్పిన కారణం ఎన్ని వాక్యాలున్నదో లెక్కపెట్టుకోవాలి. మనసులోని లోభంనుండి ఎవరు కాపాడబడ్డారో వారే సాఫల్యం పొందినవారని దివ్యఖుర్ఆన్ ప్రకటించింది (59:9). ఆ కాపుదల కలిమికీ లేమికీ సమానంగా అవసరమైనది. అల్లాహ్ దానిని మనందరికీ ప్రసాదించుగాక, ఆమీన్.